మగ్గం గుంట పక్కన జపాన్ సినిమా

టోషియో మత్సుమోతో 1961లో తీసిన ‘నిషిజిన్’ చూసినప్పుడే అమరచింత ప్రయాణం ఖాయమైంది. క్యోటో నగరంలో పట్టునేతకు పేరుమోసిన పేట నిషిజిన్. దాని మీద తీసిన నలుపు తెలుపు డాక్యుమెంటరీ ఇది. అరగంట కూడా ఉండదు. నేతలో డిజైను పడేసే జకార్డ్ అట్టలు ఒకదాని వెంట ఒకటి తిరగడం, పోగుల మీదికి వంగిన వీపులు, ఇరుకు సందుల్లో మగ్గాల చప్పుడు. చూస్తుంటే ఎప్పుడో బంధువుల ఊరికి పోతూ దాటిన అమరచింత వీధులు గుర్తొచ్చాయి. ఈ సినిమా అక్కడి నేతగాళ్లు చూస్తే ఏమంటారన్న ప్రశ్న ఇక నన్ను వదల్లేదు.

మన దగ్గర జపాన్ సినిమా అంటే కురొసావా. ఆయన ‘రషోమన్’కు 1951లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చాకే ప్రపంచం జపాన్ సినిమా వైపు తల తిప్పింది. మద్రాసులో ఎస్. బాలచందర్ ఆ సినిమా ప్రేరణతో 1954లో ‘అంద నాళ్’ తీశారు, ఒక్క పాట కూడా లేకుండా. అదే ఏడాది జపాన్‌లో ‘సెవెన్ సమురాయ్’ వచ్చింది. ఈ సినిమాల గొప్పతనం గురించి తెలుగులోనూ ఎంతో రాశారు, రాయాల్సిందే. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ సారథి స్టూడియోలో వేసిన ప్రదర్శనల వల్ల ఓజు, మిజొగుచి పేర్లు కూడా కొందరికి చేరాయి. అయితే ఆ దేశపు సినిమాలో ఇంకో పాయ ఉంది. కత్తులు, కోటలు లేని పాయ. కూలి పని, కరువు, వలస, నీళ్లు, నూలు, ఇవే అందులో కథలు. పాలమూరుకు, అంటే మా పాత మహబూబ్‌నగర్ జిల్లాకు, దగ్గరి సినిమా ఆ పాయలోనే దొరుకుతుందని నాకు గట్టి నమ్మకం. అందుకే ‘నిషిజిన్’తో పాటు ఇంకో మూడు ల్యాప్‌టాప్‌లో వేసుకుని బయల్దేరాను: హిరోషి షిమిజు ‘అరిగతో-సాన్’ (1936), కనెతో షిందో ‘నగ్న ద్వీపం’ (1960), సత్సువో యమమోతో ‘ఆ! నొముగి కనుమ’ (1979).

‘అరిగతో-సాన్’ బస్సులోనే చూశాను. బస్సులో చూడాల్సిన సినిమానే అది. ఇజు ద్వీపకల్పం కొండదారుల్లో రోజూ ప్యాసింజర్లను తిప్పే ఒక డ్రైవరు కథ. దారిలో బండ్లు, మోపులు మోసే మనుషులు, కోళ్లు ఎవరు పక్కకు జరిగి దారిచ్చినా ‘అరిగతో’ అని అరిచి కృతజ్ఞత చెప్తాడు. జనం ఆయన్ను ఆ మాటతోనే పిలుస్తారు. స్టూడియో సెట్లు రాజ్యమేలుతున్న రోజుల్లో షిమిజు కెమెరాను నిజం బస్సు ఎక్కించి నిజం రోడ్ల మీద తిప్పాడు. కథకు ఆధారం యసునారి కవబాతా రాసిన చిన్న కథ. డ్రైవరు వేషం వేసింది కెన్ ఉయెహారా.

పైకి సరదాగా సాగుతుంది. లోపల మాత్రం 1930ల ఆర్థికమాంద్యం ఉంది. బస్సులో ఒక తల్లి తన కూతుర్ని టోక్యోలో అమ్మడానికి తీసుకుపోతోంది. ఆ సంగతి బస్సులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇట్లా కనుమ దాటి పోయిన ఆడపిల్లలను ఆ డ్రైవరు ఎందరినో చూశాడు. ఈ బండి నడపడం కన్నా శవాల బండి నడుపుకోవడం మేలేమో అనిపిస్తుంది ఒక్కోసారి అతనికి. సొంతంగా ఒక పాత షెవ్రోలే కొనుక్కోవాలని కూడబెట్టుకున్న డబ్బు అతని దగ్గరుంది. ఆ డబ్బుతో ఒక పిల్ల బతుకు నిలబడుతుందని బస్సులోని ఇంకో స్త్రీ, సంఘం లెక్కలో మంచిపేరు లేని స్త్రీ, అతనికి గుర్తుచేస్తుంది. సినిమా మొత్తంలో నీతిగా ఆలోచించే మనిషి ఆమే.

షాద్‌నగర్, జడ్చర్ల దాటి కొత్తకోట దగ్గర జాతీయ రహదారి వదిలి ఆత్మకూరు దారి పట్టేసరికి, సినిమాలో నేను ఎదురుచూస్తున్న చోటు వచ్చింది. రోడ్డు పక్కన కొరియా కూలీల గుంపు. ఆ కొండదారి వేసింది వాళ్లే. పని అయిపోయింది, ఇంకో చోట సొరంగం పనికి కాలినడకన పోతున్నారు. ఒక కొరియా అమ్మాయి డ్రైవరుతో మాట్లాడుతుంది. వాళ్ల నాన్న ఇక్కడే చనిపోయాడు, అటు పోయేటప్పుడు ఆయన సమాధి దగ్గర కాసిని నీళ్లు, పూలు పెట్టమని అడుగుతుంది. తాము వేసిన ఈ రోడ్డు మీద మంచి బట్ట కట్టుకుని ఒక్కసారైనా బస్సెక్కి పోవాలని ఆశ ఉండేదని చెప్తుంది. స్టేషన్ దాకా ఎక్కించుకుంటానని అతనన్నా తనవాళ్లతో నడిచే పోతానంటుంది. బస్సు కదులుతుంది. అంతే సీను. జపాన్ కొరియాను ఏలుతున్న కాలంలో, 1936లో, ఒక జపాన్ కంపెనీ తీసిన సినిమాలో ఈ సీను ఉందంటే షిమిజు ఎంత ధైర్యస్థుడో చూడండి.

దేశంలో ఏ పెద్ద ఆనకట్ట మట్టి తవ్వి చూసినా పాలమూరు చెమట ఉంటుందని మా జిల్లాలో ఊరికే అనరు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో తట్టాపారా పట్టుకుని పోయిన గుంపులే నాగార్జునసాగర్ నుంచి ఎక్కడెక్కడి కాలువలో తవ్వాయి. తాము పారించిన నీళ్లు తమ చేన్ల దాకా రావడం మాత్రం చాలామంది చూడలేదు. బి. నర్సింగరావు 1990లో తీసిన ‘మట్టి మనుషులు’ ఈ వలస మీదే. 1991లో మాస్కో చిత్రోత్సవంలో దానికి గుర్తింపు దక్కింది. షిమిజు సినిమాలోని ఆ కొరియా అమ్మాయి, నర్సింగరావు సినిమాలో అర్చన వేసిన పాత్ర, ఒకే గుంపులో నడిచి వచ్చినట్టు ఉంటారు. ఇద్దరు దర్శకులకూ నడుమ యాభై ఏళ్ల పైచిలుకు కాలం, రెండు దేశాలు ఉన్నాయి.

అమరచింత ఇప్పుడు వనపర్తి జిల్లాలో మండల కేంద్రం, మునిసిపాలిటీ. 2016లో జిల్లాలు విడదీసేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో, ఆత్మకూరు మండలంలో ఉండేది. నిజాం కాలంలో గద్వాల, వనపర్తి, జటప్రోలులతో పాటు అమరచింత కూడా ఒక సంస్థానం. ముక్కెర వంశం పాలకులు ఆత్మకూరు రాజధానిగా ఏలారు. ఏడాదికోసారి దూరదేశాల పండితులను పిలిపించి సభలు చేసి సత్కరించిన సంస్థానాల్లో ఇదీ ఒకటి. ఈ ప్రాంతపు సన్నని నూలు బట్టలు, జరీ అంచు పంచెలు, తలపాగాలు ఆ రోజుల్లోనే పేరు మోశాయి. ఇప్పటి నేత ఆ పరంపరలో వచ్చిందే. కార్తీకంలో కురుమూర్తి స్వామి జాతరకు పట్టువస్త్రాలు ఈ ఊరి నేతగాళ్లే సమర్పిస్తారు. బజార్లో గద్వాల చీర అని మనం కొనేవాటిని గద్వాలలోనే కాక ఇక్కడా, కొత్తకోటలోనూ నేస్తారు.

పెళ్లిళ్ల కాలం కావడంతో ఊళ్లో మగ్గాలన్నీ ఆడుతున్నాయి. తెలిసినవాళ్లు ఒక ఇంటికి తీసుకుపోయారు. ముందు గదిలోనే గుంట మగ్గం. కాళ్లు గుంటలో, కూర్చున్నది నేలకు సమంగా. నిలబడి చూస్తే ఆ ఇంటాయన నడినెత్తి, చేతులు తప్ప ఏమీ కనపడలేదు. చాప మీద కూర్చున్నాకే ముఖం కనిపించింది. యసుజిరో ఓజు తన కెమెరాను నేలకు అంత దగ్గరగా ఎందుకు దించేవాడో విమర్శకులు పుస్తకాలకు పుస్తకాలు రాశారు. ‘టోక్యో స్టోరీ’ (1953)లో ముసలి దంపతులు చాప మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే మన కళ్లు వాళ్ల కళ్లతో సమంగా ఉంటాయి. ఆ ఇంట్లో కూర్చున్నాక నాకు ఇంకే వివరణా అక్కర్లేకపోయింది. నేల మీద కూర్చుని బతికే మనుషులను నిలబడి చూస్తే వాళ్ల ముఖాలు మనకు దక్కవు.

గద్వాల రకం చీరకు ఒళ్లంతా నూలు, అంచులు, కొంగు పట్టు. మధ్యకొక నాడె, రెండు అంచులకు చెరొకటి, మొత్తం మూడు నాడెలు. అంచు పట్టు పేక, ఒంటి నూలు పేక ప్రతి వరుసలో ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి తిరగాలి. దీన్నే కుప్పడం అంటారు. పట్టు తప్పితే అంచు దగ్గర చీర విడిపోతుంది. కొంగు వచ్చినప్పుడు పని ఇంకా కష్టం. నూలు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటే వేళ్లతో మెలిపెట్టి అతకాలి. ఆ ఇంటావిడ ఆ పనిలోనే ఉంది. చూపుడువేలు, బొటనవేలు కలిసి ఒకసారి తిరుగుతాయి, పోగు అతుకుతుంది, వెంటనే పక్క పోగు. మాట్లాడుతూనే ఉంది, వేళ్లు ఆగలేదు. ఆ వేళ్లనే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ‘నిషిజిన్’ పెట్టాను. జకార్డ్ కనపడగానే ఇంటాయన ముందుకు వంగాడు.

“గది జకార్డే సార్. అట్టలు గూడ మనలెక్కనే కుట్టిండ్రు.”

అవునన్నాను. ఆ జకార్డ్ క్యోటోకు ఎట్లా వచ్చిందో చెప్పాను. రాజధాని టోక్యోకు మారిపోయాక క్యోటో నేత దిగజారింది. 1872లో అక్కడి ప్రభుత్వం ముగ్గురిని ఫ్రాన్స్‌లోని లియోన్‌కు పంపింది. వాళ్లు జకార్డ్ విద్య నేర్చుకున్నారు, మగ్గాలు తెచ్చారు. ఆ ముగ్గురిలో ఒకాయన 1874లో తిరిగి వస్తూ, ఇజు తీరం దగ్గర ఓడ మునిగి చనిపోయాడు. ‘అరిగతో-సాన్’ బస్సు తిరిగింది ఆ ఇజులోనే. గద్వాల సంస్థానం వాళ్లు కూడా ఇక్కడి నేతగాళ్లను బనారస్ పంపి జరీపని నేర్పించారని ఈ పక్క అందరూ చెప్పుకునేదే. ఆయన వెంటనే ఆ సంగతే ఎత్తాడు. “మనోళ్లు కాశికి పోయిండ్రు, వాళ్లు ఓడెక్కిండ్రు. ఇద్ద కోసమే గద.” విద్యను ‘ఇద్ద’ అనడం విని ఎన్నాళ్లయిందో.

తర్వాత అడిగాడు: “గంత పని జేస్తే ఆయనకు ఎంత గిట్టుబాటయితది?”

నిషిజిన్‌లో పద్ధతి చెప్పాను. అక్కడా షావుకారు డిజైను, నూలు ఇస్తాడు, ఇంట్లో మగ్గం ఉన్నవాడు నేసి కూలి తీసుకుంటాడు. కిమోనో మీద నడుముకు కట్టే పట్టీ, ఓబి అంటారు, దుకాణంలో ఎంతకు అమ్ముడుపోయినా నేసినవాడికి ముట్టేది ముందు మాట్లాడుకున్న కూలే.

“అయితే మాలెక్కనే,” అన్నాడు. ఒకసారి చూసిన సినిమా మళ్లీ పెట్టమన్నాడు. “గా చప్పుడు ఇననీకె.”

మత్సుమోతో ఈ సినిమాను క్యోటోలో డాక్యుమెంటరీలు చూసే ఒక సంఘం తోడ్పాటుతో తీశాడు. అప్పటికి వయసు ముప్పై కూడా లేదు. సంప్రదాయ కళ, చేతి నైపుణ్యం అంటూ పొగిడే సినిమా తీయవచ్చు. అతను అది చేయలేదు. ఆ పేట నిశ్శబ్దంలో ఏం పేరుకుని ఉందో దాన్ని పట్టాలని చూశాడు. పనిలో అందం ఉంది, నిజమే. అదే పనిలో ఊపిరాడనితనమూ ఉంది. రెండింటినీ ఒకే ఫ్రేములో ఉంచాడు. 1467 నుంచి పదేళ్ల పాటు సాగిన ఓనిన్ యుద్ధంలో చెల్లాచెదురైన నేతగాళ్లు తిరిగొచ్చి, పడమటి సైన్యం విడిది చేసిన చోట స్థిరపడితే ఏర్పడిన పేట అది. అంతటి చరిత్ర ఉన్నా మత్సుమోతో కెమెరా గతం దగ్గర ఆగదు, మగ్గం ముందు కూర్చున్న మనిషి దగ్గరే ఆగుతుంది. 

మన దగ్గర చేనేత మీద సినిమాలు లేకపోలేదు. శ్యామ్ బెనెగళ్ 1987లో పోచంపల్లి నేతగాళ్ల మీద ‘సుస్మన్’ తీశారు, ఓంపురి నటించారు. చింతకింది మల్లేశం ఆసుయంత్రం కథతో 2019లో ‘మల్లేశం’ వచ్చింది. ఆసు పోయడానికి రోజుకు వేలసార్లు చెయ్యి ఆడించి భుజం అరిగిపోయిన తల్లిని ఆ సినిమా చూపించిన తీరు నాకు ఇష్టం. రెండూ కథాచిత్రాలు, కథకు కావాల్సినంత మేరకే మగ్గాన్ని చూపించాయి. అమరచింతలో ఆ ఇంటావిడ వేళ్ల దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడే సినిమా తెలుగులో ఇంకా రాలేదు. రావాలి.

సాయంత్రం కండెలు చుట్టే ఆడవాళ్లు, పక్కింటివాళ్లు పోగయ్యారు. ల్యాప్‌టాప్‌ను వాళ్ల టీవీకి తగిలించాం. ముందు ‘నొముగి కనుమ’లో కొంత చూపించి, మిగతా కథ నోటితో చెప్పాను. మెయిజీ చక్రవర్తి కాలంలో జపాన్ నుంచి ఎక్కువగా ఎగుమతయ్యేది ముడి పట్టే. ఆ డాలర్లతోనే ఆ దేశం యంత్రాలు, యుద్ధనౌకలు కొన్నది. ఆ పట్టు తీసింది పదకొండు, పన్నెండేళ్ల నుంచి మొదలయ్యే ఆడపిల్లలు. హిదా కొండ ఊళ్ల నుంచి 1,672 మీటర్ల ఎత్తున్న నొముగి కనుమ మీదుగా మంచులో నడిచి సువా సరస్సు పక్కనున్న మిల్లులకు పోయేవాళ్లు. మరుగుతున్న నీళ్లలో పట్టుగూళ్లు, ఆవిరి, చీకటితో మొదలై చీకటితో ముగిసే పని. నాణ్యత తగ్గితే జరిమానా. ఏడాదికి వంద యెన్లు సంపాదించే పిల్ల అంటే ఊళ్లో గొప్ప. షిగెమి యమమోతో అనే రచయిత బతికున్న ఆ పనివాళ్లను వెతికి మాట్లాడి 1968లో పుస్తకం రాశాడు. దాని మీదే సత్సువో యమమోతో సినిమా తీశాడు. జపాన్‌లో జనం విరగబడి చూశారు, బయట మాత్రం చూసినవాళ్లు తక్కువ. మినే అనే పిల్లగా షినోబు ఒతాకే నటించింది. మిల్లులో జబ్బు పడితే అన్న వచ్చి వీపు మీద మోసుకుని ఇంటికి బయల్దేరతాడు. కనుమ ఎక్కాక తన ఊరి కొండలు కనిపించగానే ఆ పిల్ల ప్రాణం పోతుంది. 1909లో నిజంగా జరిగిన సంగతి అది.

ఎవరూ ఏమీ అనలేదు కాసేపు. తర్వాత ఒక పెద్దమ్మ అంది: “ఇల్లు కనవడ్డంక పోయింది. గదొక్కటి నయం.” బొంబాయిలో పనికి పోయి, కడచూపు కూడా లేకుండా పోయిన మనుషులు ఈ పక్క ప్రతి వాడలో ఉన్నారు. ఆమె మాటకు అర్థం ఎవరూ అడగలేదు.

పట్టు మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇక్కడి మగ్గాల మీదికి పట్టు ఎక్కువగా బెంగళూరు వైపు నుంచి వస్తుంది. కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు రైతులు ఇప్పుడు పెంచుతున్న బైవోల్టిన్ రకం పట్టుపురుగుల వెనక, 1991 నుంచి జపాన్ సహకార సంస్థ జైకా, మైసూరు పట్టు పరిశోధన సంస్థ కలిసి ఏళ్లకేళ్లు చేసిన పని ఉంది. నొముగి కనుమ దాటిన పిల్లల కాలం నుంచి జపాన్ కూడబెట్టుకున్న విద్య తిరిగి తిరిగి మన అంచుల్లోకి వచ్చి చేరింది. ఆడవాళ్లు ఈ సంగతి విని చేతిలోని కండెను ఒకసారి తిప్పి చూసుకున్నారు.

‘నగ్న ద్వీపం’ చివరికి ఉంచాను. దానికి నా వ్యాఖ్యానం అక్కర్లేదు. గంటన్నర పైన సాగే ఆ సినిమాలో సంభాషణలే లేవు. సెటో లోపలి సముద్రంలో హిరోషిమా వైపున ఒక చిన్న దీవి. మంచినీళ్ల చుక్క లేదు. ఒక జంట, ఇద్దరు కొడుకులు. భార్యాభర్తలు రోజూ పడవ నడుపుకుంటూ అవతలి ఒడ్డుకు పోయి, కావడి బద్దకు రెండు బకెట్లు తగిలించి నీళ్లు తెచ్చి, కొండ నిట్టనిలువునా ఎక్కి, మొక్క మొక్కకు గరిటెతో పోస్తారు. నొబుకో ఒతోవా, తైజి తొనొయామా నటించారు. ఆ బద్ద భుజం మీద వంగే తీరు చూస్తే బకెట్లలో నిండా నీళ్లున్నాయని తెలిసిపోతుంది. షిందో హిరోషిమావాడు. తన చిన్న స్వతంత్ర సంస్థ మూతపడే స్థితిలో ఉన్నప్పుడు పదిమంది పైచిలుకు బృందంతో ఈ సినిమా తీశాడు. 1961లో మాస్కోలో గ్రాండ్ ప్రి వచ్చింది, ఎన్నో దేశాలు కొనుక్కున్నాయి, సంస్థ నిలబడింది. షిందో నూరేళ్లు బతికాడు, దాదాపు చివరిదాకా సినిమాలు తీస్తూనే ఉన్నాడు.

భార్య ఒకచోట కాలు జారి ఒక బకెట్ నీళ్లు ఒలకబోస్తుంది. భర్త బకెట్లు దించి వచ్చి ఆమెను చెంపమీద కొడతాడు. మగవాళ్లెవరూ టీవీ వైపు నుంచి చూపు తిప్పలేదు, ఎవరి ముఖమూ చూసుకోలేదు. అదే పెద్దమ్మ మాత్రం తల ఊపుతూ అంది: “నీళ్లు వొలికితే మాగ్గూడ గిట్లనే అయ్యేది బిడ్డా. బాయి అంత దూరముండె.” పెద్ద కొడుకు జబ్బు పడతాడు. డాక్టర్ కోసం తండ్రి పరుగెత్తి తెచ్చేసరికి ప్రాణం పోతుంది. మట్టి చేశాక మళ్లీ పని మామూలే, మళ్లీ నీళ్లు. అప్పుడు ఆ తల్లి ఒక్కసారిగా బకెట్ కుమ్మరించి, పెంచిన మొక్కలనే పీకి పారేసి నేల మీద పడి ఏడుస్తుంది. భర్త నిలబడి చూస్తాడు, ఏమీ అనడు. తన మొక్కలకు తను నీళ్లు పోయడం మొదలుపెడతాడు.

“ఇప్పుడు లేస్తది సూడు. లేసి మల్ల నీళ్లు వోస్తది,” అంది పెద్దమ్మ. ఇంకా తెర మీద ఆమె నేల మీదే ఉంది. కాసేపటికి లేచింది. గరిటె తీసుకుంది. నీళ్లు పోసింది.

ఎన్నో వ్యాసాలు చదివాను ఈ సినిమా మీద. ఆ ముగింపును మానవుడి సహనానికి స్తోత్రంగా రాసినవాళ్లున్నారు, దాన్ని దారిద్య్రానికి అందమైన పటం కట్టడమని తప్పుపట్టినవాళ్లున్నారు. పెద్దమ్మ చెప్పింది వీటిలో ఏదీ కాదు. ఆ తల్లి లేవకపోతే రెండోవాడికి అన్నం ఎట్లా అన్నది ఒక్కటే ఆమె లెక్క. షిందో లెక్క కూడా అదేనని నా తీర్పు.

మర్నాడు పొద్దున జూరాల మీదుగా గద్వాల వైపు వెళ్లాను. కృష్ణ మీద 1981లో పునాది పడి, 1995లో నీళ్లు నిలిచిన ప్రాజెక్టు ఇది. దాని మీదున్న దారే అటు ఆత్మకూరును, ఇటు గద్వాలను కలుపుతుంది. ఒడ్డున చేపలు వేయించే అంగళ్లు అప్పుడే పొయ్యి రాజేస్తున్నాయి. ఆ నీళ్లు చూస్తే మునిగిన ఊళ్లు గుర్తొస్తాయి. దిగువన శ్రీశైలం ప్రాజెక్టు కింద ఎన్నో ఊళ్లు మునిగాయి, ఆ మునక కథలు ఆలంపూర్ పక్క ఇప్పటికీ చెప్పుకుంటారు. జపాన్‌లో షిన్సుకె ఒగావా అనే దర్శకుడు నరిటా విమానాశ్రయానికి భూములు పోగొట్టుకుంటున్న సన్రిజుకా రైతులతో కలిసి ఏళ్ల తరబడి ఉండి వరసగా డాక్యుమెంటరీలు తీశాడు. తర్వాత తన బృందాన్ని యమగాత దగ్గర మగినో అనే ఊరికి మార్చి, అక్కడే వరి పండిస్తూ 1986లో నాలుగు గంటలకు కాస్త తక్కువ నిడివితో ఆ ఊరి మీద సినిమా తీశాడు. వరి పంట ఎందుకు దెబ్బతింటోందో తెలుసుకోవడానికి మట్టి పొరలు తవ్వి చూసిన సినిమా బృందం ఇంకొకటి ఉందో లేదో. శ్రీశైలం మునక ఊళ్ల మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల దగ్గర కెమెరా పెట్టుకుని కూర్చునే ఒగావా మనకు వెంటనే కావాలి.

జపాన్ వాళ్లు మన సినిమాను ఆదరించిన తీరు ఇప్పుడు అందరికీ తెలిసిందే. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబర్‌లో అక్కడ విడుదలై, అంతకుముందు వరకు ‘ముత్తు’ పేరిట ఉన్న వసూళ్ల రికార్డును దాటింది. 2024లో తకరజుకా నాటక బృందం, మొత్తం ఆడవాళ్లే ఉండే బృందం, దాన్ని రంగస్థలం మీద ఆడింది. తెలుగు పాటలు నేర్చుకుని థియేటర్లో పాడే జపాన్ అభిమానులను చూసి మనం మురిసిపోయాం. మురిసిపోవడం సరే, బదులుగా వాళ్ల సినిమా మన ఊళ్లకు ఎంత తెచ్చుకున్నాం? హైదరాబాద్‌లో ఒక ప్రివ్యూ థియేటర్ దాకా, ఒక ఉత్సవం దాకా. దానికి అవతల ఏమీ లేదు.

అందుకే ఫిల్మ్ క్లబ్బుల పెద్దలకు, ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో జపనీస్ చదువుతున్న మన పిల్లలకు, వనపర్తి, గద్వాల కళాశాలల అధ్యాపకులకు ఒక మనవి. హక్కులున్నవాళ్ల అనుమతి తీసుకుని ఈ సినిమాలను అమరచింతకు, కొత్తకోటకు, ఐజకు, కొల్లాపూర్‌కు తీసుకురండి. ‘నొముగి కనుమ’కు, ‘అరిగతో-సాన్’కు తెలుగు సబ్‌టైటిళ్లు కావాలి. జపనీస్ నుంచి నేరుగా, మన మాటలో రాయండి. ‘నిషిజిన్’లో మాటలు తక్కువ, ఒకరు పక్కన కూర్చుని చదివినా చాలు. ‘నగ్న ద్వీపం’కు సబ్‌టైటిళ్లే అక్కర్లేదు. ఒక తెర, ఒక ప్రొజెక్టర్ ఉంటే ఈ చలికాలమే మొదలుపెట్టవచ్చు.